తేలియా రుమాల్ నుంచి పోచంపల్లి చీర దాకా: ప్రపంచ బజారులో మన మగ్గం

ఉర్దూలో 'తేల్' అంటే నూనె. ఆ మాట మీదే ఒక బట్టకు తేలియా రుమాల్ అనే పేరు వచ్చింది. ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టిన నూలుతో దీన్ని నేస్తారు. అట్లా చేస్తే ఎరుపు రంగు గట్టిగా పడుతుంది, బట్ట మెత్తగా ఉంటుంది. ఎండలో తలకు చల్లగా ఉంటుందని కూడా పేరు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఈ చదరపు రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు ఓడల మీద వెళ్లేవి. అక్కడి బజార్లలో వీటిని 'ఆసియా రుమాల్' అనేవారు. నిజాం కాలపు ఇళ్లలో ఆడవాళ్లు ఇదే బట్టను ఓఢ్నీగా వేసుకునేవారు.

ప్రపంచీకరణ అనే మాట పుట్టక ముందే మన నేతన్న ప్రపంచ వ్యాపారంలో ఉన్నాడు. దాని లాభం చూశాడు, దెబ్బ కూడా తిన్నాడు.

చీరాల నుంచి నల్లగొండకు

ఈ నేతకు మొదటి పేరు కోస్తాలోని చీరాలది. అక్కడ ఎరుపు రంగును చిరివేరు నుంచి తీసేవారు. 1869లో జర్మనీలో రసాయన అలిజరిన్‌కు తయారీ పద్ధతి దొరికాక, ఆ చౌక రంగు ఇక్కడి అద్దకం తొట్లలోకీ వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో ఈ విద్య నల్లగొండ జిల్లా పోచంపల్లి, పుట్టపాక వైపు పాకింది. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్ర వ్యాపారం దెబ్బతింది. 1942లో బర్మా జపాన్ చేతిలో పడింది. విదేశీ గిరాకీని నమ్ముకున్న రుమాలు నేత చిక్కిపోయింది. 1960ల నుంచి పోచంపల్లి నేతన్నలు పట్టు నేత నేర్చుకుని చీరల వైపు మళ్లారు.

ఇక్కత్ అంటే ఏమిటి?

ఇది మలయ్, ఇండొనేషియా భాషల మాట. దాని అర్థం 'కట్టడం'. నేయకముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్న చోట రంగు అంటదు. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇట్లా చేస్తే అది డబుల్ ఇక్కత్. గుజరాత్‌లోని పటాన్, బాలిలోని తెంగనాన్ వంటి కొద్ది చోట్లనే ఈ పని బతికి ఉంది. వాటి సరసన మన పుట్టపాక ఉంది. ఈ ఊరి నేత కళాకారులు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది.

ముడులు కట్టేముందు నూలును ఆసు పోయాలి. ఒక్క చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

కూలి ఎందుకు పెరగదు?

మరమగ్గం వేగం పెరిగితే ఒక్కో చీర మీద ఖర్చు తగ్గుతుంది. చేతి మగ్గానికి ఆ వీలు లేదు. చీరకు పట్టే రోజులు పట్టాల్సిందే. అందుకే నేతన్న కూలి పెరగాలంటే చీర ధరే పెరగాలి. అదే డిజైన్‌ను మిల్లులో ప్రింటు కొట్టి తక్కువ ధరకు అమ్మితే ఆ దారి మూసుకుపోతుంది.

చాలా ఇళ్లలో నూలు, డిజైన్ మాస్టర్ వీవర్ ఇస్తాడు. నేసినదానికి మజూరీ కడతాడు. అమ్మకాలు ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే మజూరీ ఆగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో జరిగింది ఇదే. చీరలు షెల్ఫుల్లో పేరుకుపోయాయి.

ముడిసరుకు ధర కూడా నేతన్న చేతిలో లేదు. మన దేశం వాడే ముడిపట్టులో కొంత చైనా నుంచి వస్తుంది. జరీకి సూరత్ వైపు చూడాలి. అందుకే పాలమూరు వైపు గద్వాల, నారాయణపేట నేతన్నలకూ ఇదే ఇరకాటం. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు ఉంటాయి. ఎక్కడో పట్టు ధర పెరిగితే గద్వాలలో మగ్గం మీద కూర్చున్నవాడి లెక్క తప్పుతుంది.

చట్టాలు, పథకాలు

కొన్ని రకాల బట్టలను చేతి మగ్గానికే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గద్వాల, నారాయణపేట చీరలకూ ఉంది. 2017లో రాష్ట్రం పొదుపు పథకం తెచ్చింది. నేతన్న కూలిలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం కలిపేది. అదే ఏడాది జీఎస్టీ వచ్చి నూలు మీద పన్ను పడింది. 2020లో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. 2021లో పోచంపల్లికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది.

పేరు వచ్చింది, కానీ పేరును కాపాడే తనిఖీ బలహీనం. నకిలీని పట్టుకోకపోతే గుర్తింపు పత్రం గోడకు వేలాడే ఫ్రేమ్‌గానే మిగులుతుంది.

కొనేటప్పుడు చూడండి

షాదీకో పండగకో చీర తీసుకుంటే దాన్ని తిరగేసి చూడండి. అసలు ఇక్కత్‌లో రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింటు అయితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. పువ్వు అంచులు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు ఉంటే అది ముడి కట్టిన పని. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందా అని అడగండి. సహకార సంఘం దుకాణంలోనో నేసే ఇంట్లోనో కొంటే మీ డబ్బులో ఎక్కువ వాటా మగ్గం దగ్గరికే చేరుతుంది.

తేలియా రుమాలుకు విదేశీ బజారు దూరమైనప్పుడు నేతన్నకు దారి చూపింది మన ఇళ్లలో కట్టే చీరే. ఇప్పుడు ఆ చీరకూ నకిలీ పోటీ వచ్చింది. ఈసారి కూడా ముందుగా నిలబడాల్సింది ఇంటి దగ్గరి కొనుగోలుదారే.