అతిగా పనిచేసే థైరాయిడ్ గడ్డల్లో క్యాన్సర్ నిర్ధారణ: 'హాట్ నాడ్యూల్' సూత్రం ఎంతవరకు?

థైరాయిడ్ గడ్డ ఉన్న రోగికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోను) తక్కువగా ఉంటే ముందు ఐసోటోప్ స్కాన్ తీయాలనీ, అందులో గడ్డ 'హాట్'గా (ఐసోటోప్‌ను ఎక్కువగా పీల్చుకునేదిగా) తేలితే సూది పరీక్ష అక్కర్లేదనీ అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు చెబుతాయి. మంచి సూత్రమే; ఎందరినో అనవసరపు ఆపరేషన్ల నుంచి తప్పించింది. కానీ ఆ మినహాయింపు ఆ ఒక్క గడ్డకే, మెడ మొత్తానికి కాదు.

సూత్రానికి ఆధారం కణజీవశాస్త్రంలో ఉంది. హాట్ గడ్డలు కొన్నింటిలో టీఎస్‌హెచ్ రిసెప్టర్ జన్యువు ఉత్పరివర్తనం చెందుతుందని 1993లో తేలింది. దాంతో పిట్యూటరీ ఆదేశం లేకున్నా కణం హార్మోను తయారు చేస్తూనే ఉంటుంది. పాపిల్లరీ క్యాన్సర్‌ను ఎక్కువగా నడిపించే బీరాఫ్ (BRAF) జన్యువు ఉత్పరివర్తనం దారి వేరు. పైగా క్యాన్సర్ కణాలకు అయోడిన్‌ను పట్టుకునే శక్తి సాధారణంగా తగ్గిపోతుంది. అందుకే హాట్ గడ్డలో క్యాన్సర్ అరుదు. శస్త్రచికిత్స జరిగిన ఒంటరి హాట్ గడ్డల్లో అది సుమారు 3 శాతమని 2013 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. అయితే ఇది ఆపరేషన్ దాకా వచ్చినవారి లెక్క. అనుమానం ఉన్నవారే అక్కడికి ఎక్కువగా చేరతారు కనుక రోగులందరికీ దీన్ని అంటగట్టకూడదు.

స్కాన్‌కూ పరిమితులున్నాయి. స్కాన్‌లో వాడే టెక్నీషియం పెర్‌టెక్నెటేట్‌ను గ్రంథి లోపలికి లాక్కుంటుందే గానీ హార్మోనులో కలుపుకోదు. అందువల్ల దానితో హాట్‌గా కనిపించిన గడ్డ రేడియో అయోడిన్‌తో 'కోల్డ్'గా (ఐసోటోప్‌ను పట్టుకోనిదిగా) తేలవచ్చు. మరో చిక్కు కూడా ఉంది: ఆపరేషన్ తర్వాత బయటపడే క్యాన్సర్ కొన్నిసార్లు హాట్ గడ్డలో కాక, దాని పక్క కణజాలంలో మిల్లీమీటర్ల సైజులో ఉంటుంది. గడ్డలు అనేకం ఉన్నప్పుడు స్కాన్‌లో వెలిగినదీ, అల్ట్రాసౌండ్‌లో అనుమానం రేపినదీ ఒకటేనా? రెండు రిపోర్టులూ రెండు ఫైళ్లలో ఉండిపోతే ఈ ప్రశ్న అడిగేవారుండరు.

పోనీ, అందరికీ సూది వేస్తే? హాట్ గడ్డ నుంచి వచ్చే కణాలు దట్టంగా, చిన్న చిన్న ఫోలికల్స్‌గా కనిపించి, సూది పరీక్ష ఫలితాల బెథెస్డా వర్గీకరణలో 4వ వర్గం (ఫోలిక్యులర్ నియోప్లాజం) అనిపించుకోవచ్చు. అది ఫోలిక్యులర్ క్యాన్సరో కాదో తేలాలంటే కణాలు క్యాప్సూల్‌ను దాటాయా, రక్తనాళాల్లోకి చొరబడ్డాయా అన్నది చూడాలి. సూది అది చూపలేదు. చివరికి నిరపాయకరమైన గడ్డలే కత్తికి గురవుతాయి.

కాబట్టి సూది విచక్షణతో వేయాలి, అల్ట్రాసౌండ్ మాత్రం తప్పనిసరి. సున్నపు చుక్కలు, అడ్డదిడ్డపు అంచులు, అనుమానాస్పదమైన లింఫ్ గ్రంథులు, వేగంగా పెరిగే గడ్డ, కొత్తగా వచ్చిన గొంతు బొంగురు, వీటిలో ఏది కనిపించినా హాట్ అన్న ధీమా పక్కన పెట్టాలి. ఇదంతా హాట్ గడ్డకు చికిత్సగా రేడియో అయోడిన్ ఇచ్చే ముందే జరగాలి. ఆ చికిత్సలో పాథాలజిస్టు చేతికి కణజాలం అందదు. తర్వాత సూది వేసినా, రేడియేషన్ వల్ల మారిన కణాలు క్యాన్సర్ కణాల్లాగే భ్రమింపజేయవచ్చు.