కూల్చే ముందు ఒక్కసారి కొలవండి

మాది మనుబోలు. నెల్లూరు నుంచి గూడూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. అమ్మీ పుట్టిన ఊళ్లో ఒక చిన్న సున్నపు మస్జిద్ ఉండేది. నేను మక్తబ్‌కి వెళ్లే వయసులో దాన్ని తీసేసి స్లాబ్ మస్జిద్ కట్టారు. జమాత్ పెరిగింది, జుమా రోజు సఫ్‌లు రోడ్డు మీదికి వచ్చేవి. అందులో ఎవరి కసూరూ లేదు. కానీ నక్షా ఒక్కటీ గీసి పెట్టలేదు. మొన్న ఈద్‌కి నా కొడుకు "అబ్బా, పాత మస్జిద్ ఎలా ఉండేది?" అని అడిగాడు. మామూజాన్ షాదీ ఫొటోలో వెనకాల సగం మీనార్ కనిపిస్తుంది. మిగిలిన నిషానీ అదొక్కటే. మిహ్రాబ్ మీద ఏం రాసుండేదంటే ముగ్గురు బుజుర్గులు మూడు రకాలుగా చెప్పారు.

గోల్కొండ కుతుబ్‌షాహీల గుంబద్‌ల సంగతి వేరు. 2013లో ఆగాఖాన్ ట్రస్టు అక్కడ మరమ్మత్తు మొదలుపెట్టింది. లేజర్ స్కానర్‌తో కూడా కట్టడాలను కొలిచారు. ఆ యంత్రం గోడ మీదికి కాంతిని పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి దూరం లెక్కగడుతుంది. అలా కొలిచిన లక్షల చుక్కలు కలిస్తే కంప్యూటర్‌లో గుంబద్ లేచి నిలబడుతుంది. పగులెక్కడుందో, గోడ ఎటు వంగిందో అందులో తెలుస్తుంది. వెనకటి మరమ్మత్తుల్లో పూసిన సిమెంటు తీసి, మళ్లీ సున్నం పూశారు.

పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ 2010లో ఇలాగే స్కాన్ చేశారు. 2018లో ఆయన పోయారు. 2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పు కాలిపోయింది. మళ్లీ కట్టేవాళ్లకి ఆయన కొలతలు అక్కరకొచ్చాయి. 2024 డిసెంబర్‌లో తలుపులు తెరిచారు.

మన దగ్గర స్కానర్ లేదు, నిజమే. ఫోన్ ఉందిగా! కట్టడం చుట్టూ మెల్లగా తిరుగుతూ ఫొటోలు తీయండి. ఒక్కో ఫొటోలో వెనకటి ఫొటోలోని భాగం సగానికి పైగా మళ్లీ రావాలి. ఎండ నీడలు లేని మబ్బు రోజైతే మేలు. తలుపు వెడల్పు, మిహ్రాబ్ ఎత్తు టేపుతో కొలిచి తారీఖుతో సహా రాయండి. ఈ ఫొటోల నుంచి కంప్యూటర్ నమూనా తయారుచేస్తుంది. కొలత లేకపోతే అది అందమైన బొమ్మే, సబూత్ కాదు. కూలిపోయాక అందాజాతో గీసిన భాగాన్ని అందాజా అనే రాయాలి. లేకపోతే రేపటి పిల్లలు దాన్నే తారీఖ్ అనుకుంటారు.

మన జిల్లాలోనే ఉదయగిరి కొండ మీద పాత మస్జిద్ ఉంది, అందులో ఫార్సీ కత్బాలున్నాయి. వానకీ ఎండకీ అక్షరాలు అరుగుతాయి. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు సెల్ఫీతో పాటు ఆ రాతల్నీ దగ్గర్నుంచి తీయండి. నమూనాలో నమాజ్ చదవలేం, ఆ సున్నపు చల్లదనం ఫోన్‌లో తగలదు. అయినా అది మన చేతిలో ఉన్న అమానత్.

ముతవల్లీ సాబ్‌లకి నా గుజారిష్ ఒక్కటే: కొత్తది కట్టండి, ముబారక్. గడ్డపార వేసే ముందు మాత్రం ఒక్క రోజు ఆగండి.