పౌలు చెఱలు
ఫిలిప్పీలో పౌలును, సీలను బెత్తములతో కొట్టించి, చెఱసాలలో త్రోయించిన న్యాయాధిపతులు, మరునాడు వారు రోమా పౌరులని విని భయపడి, స్వయముగా వచ్చి బతిమాలుకొనిరి. కైసరయలోని బంధనము వేరొక తీరుది: లంచము చేతికందునేమోయను ఆశతో అధిపతియగు ఫేలిక్సు పౌలును మాటిమాటికి పిలిపించి ముచ్చటించుచు, రెండేండ్లు గడిపి, యూదుల మెప్పుకొఱకు బంధితునిగానే విడిచిపోయెను. అధికారుల ఈ రీతి మనకును క్రొత్తది కాదు! క్రీ.శ. 60 ప్రాంతమున, తరువాత వచ్చిన ఫేస్తు యెదుట పౌలు చక్రవర్తికే చెప్పుకొందునని పట్టుపట్టగా, రోమాకు పంపబడెను. అచ్చట కావలి సైనికుడు వెంటనుండగా, సంకెలతోనే, స్వంత వ్యయముతో అద్దెయింట మఱి రెండేండ్లుండి, వచ్చినవారికెల్ల బోధించెను. దాసుడగు ఒనేసిముకొఱకు అతని యజమానుడగు ఫిలేమోనునకు వ్రాసిన చిన్నలేఖ యీ యింటనే పుట్టెనని కొందఱును, ఎఫెసు చెఱలోనిదని కొందఱును నేటికిని వాదించుచున్నారు.