కొవెంట్రీ శిథిలాలలో ‘తండ్రీ, క్షమించుము’

1940 నవంబరు 14 రాత్రి, నిండు వెన్నెలలో, దాదాపు 500 జర్మన్ విమానాలు ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణంపై బాంబులు కురిపించాయి. ఐదు వందలకు పైగా ప్రజలు మరణించారు. మధ్యయుగాల నాటి పరిశుద్ధ మిఖాయేలు దేవాలయం ఆ రాత్రే కాలిపోయింది. 1918లో కెతీడ్రల్ హోదా పొందిన ఆ ఆలయం ఆ హోదాను అనుభవించినది 22 ఏళ్లు మాత్రమే.

ఆ రాత్రి ఆలయానికి కావలి ఉన్నవారు నలుగురే: ప్రొవోస్టు రిచర్డ్ హోవర్డ్, రాతిపని మేస్త్రీ జాక్ ఫోర్బ్స్, ఇద్దరు యువకులు. మొదట పడిన అగ్ని బాంబులను వారు ఆర్పగలిగారు. కప్పులోని సీసపు రేకులను చీల్చుకొని లోపలికి దిగిన వాటిని చేరుకోలేకపోయారు. అగ్నిమాపక దళం వచ్చింది గాని నీటి సరఫరా ఆగిపోయింది. 19వ శతాబ్దపు మరమ్మతులలో కప్పుకు బలంగా అమర్చిన ఉక్కు దూలాలు వేడికి వంగి, స్తంభాలను కూడా తమతో పడదోశాయి. వెలుపలి గోడలు, గోపుర శిఖరం మాత్రం మిగిలాయి.

కాలిన రెండు దూలాలను ఫోర్బ్స్ సిలువగా కట్టాడు. మధ్యయుగపు మేకులు మూడింటితో మరొక సిలువ తయారైంది. ఆ క్రిస్మస్ దినాన హోవర్డ్ శిథిలాల నుండి రేడియోలో మాట్లాడుతూ, కష్టమైనా పగతీర్చుకొనే తలంపులను విడిచిపెట్టడానికి ప్రయత్నిస్తున్నామన్నాడు. సమాధులపై మట్టి ఇంకా ఆరలేదు. ఆ మాట వినడం అందరికీ సులభమై ఉండదు.

1948లో బలిపీఠం వెనుక గోడపై ‘తండ్రీ, క్షమించుము’ అని చెక్కించారు. లూకా 23:34లోని ‘వీరిని’ అనే మాట అక్కడ లేదు. చంపినవానిని, చచ్చినవానిని ఒకే గాట కట్టడం న్యాయమా అని బాధితులు అడుగవచ్చు. ఆ ప్రశ్నను బోధకుడు తేలికగా దాటవేయరాదు. అయితే ఆ రాతి అక్షరాలు చెక్కే నాటికి హాంబర్గు (1943), డ్రెస్డెన్ (1945) బ్రిటిష్, అమెరికన్ బాంబులకు కాలిపోయి ఉన్నాయి. చిచెస్టరు బిషప్ జార్జ్ బెల్ 1944 ఫిబ్రవరిలోనే ప్రభువుల సభలో ఈ విధమైన దాడులను ప్రశ్నించి, అనేకుల అసహ్యానికి గురయ్యాడు. ‘వీరిని’ అని చెక్కించి ఉంటే, ప్రార్థించేవాడు ఆ పాపపు జాబితా వెలుపల నిలిచేవాడు. రోమా 3:23 అట్టి స్థలాన్ని ఎవరికీ ఇవ్వదు. అందుచేత ఆ లోపం చరిత్రపరంగా కూడా నిజాయితీ గలదేనని నా అభిప్రాయం.

బాసిల్ స్పెన్స్ రూపొందించిన క్రొత్త కెతీడ్రల్ 1962 మే 25న ప్రతిష్ఠించబడింది. పాత శిథిలాలను తొలగించలేదు. దాని ప్రక్కనే, కప్పు లేకుండా ఉంచారు. 1958లో వ్రాయబడిన సమాధాన ప్రార్థనలో జనాంగాల ద్వేషం, దురాశ, గర్వం ఒక్కొక్కటిగా ఒప్పుకొనబడతాయి. ప్రతి దానికి సంఘమిచ్చే జవాబు ఆ రెండు మాటలే.