మన పితరుల అనుదిన వేదపఠనము

రోమా పత్రిక 15వ అధ్యాయము 4వ వచనములో అపొస్తలుడైన పౌలు లేఖనముల వలన కలుగు ఆదరణను గూర్చి వ్రాసెను. ఆ పత్రిక రోమాకు చేరిన దినములలో ఇంటింట ఒక ప్రతి లేదు. ఒకరు చదువగా తక్కినవారు వినిరి. వినినవారిలో దాసులు, కూలివారు, అక్షరము రానివారు ఉండియుందురు. మన తెలుగు సంఘముల ఆరంభమును అట్టిదే. ఈ శతాబ్ది సంచికలో గుడులను గూర్చియు, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చియు వ్రాయువారు పలువురున్నారు. మేము మాత్రము ఏ పునాదిరాతి మీదను చెక్కబడని ఒక సంగతిని ఎత్తుకొనుచున్నాము. చదువురాని మన తాతలు, ముత్తాతలు దినదినము దేవుని వాక్యమును ఎట్లు పొందిరి? కష్టదినములలో దానిని ఆనుకొని ఎట్లు నిలిచిరి?

ముందుగా పుస్తకము సంగతి. తెలుగులో వేదము మన చేతికి వచ్చుటకు పట్టిన కాలము తలంచుకొనిన ఆశ్చర్యము కలుగును. జర్మనీ దేశపు హల్లే నుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ దొర మద్రాసులో ఉండి 1732 నాటికి తెలుగు అనువాదమును ముగించెను. అది అచ్చు కాలేదు. ఆ వ్రాతప్రతుల నుండి మన పల్లెలకు ఒక్క వాక్యమైనను చేరలేదు. తరువాత 1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ దొరలు విశాఖపట్టణమునకు వచ్చి మరల మొదటినుండి ఆ పనికి పూనుకొనిరి. 1809లో క్రాన్, మరుసటి సంవత్సరమే డెస్ గ్రాంజెస్ మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. అనువదించినవాడు ఆ అచ్చుప్రతిని కన్నులార చూడలేదు. 1818లో సేరంపూరువారి క్రొత్త నిబంధన వెలువడెను. సంపూర్ణ గ్రంథము రావలెనన్న 1850ల దశకము వరకు కనిపెట్టవలసి వచ్చెను. షుల్జ్ కలము దించినది మొదలు లెక్కించిన నూట ఇరువది ఏండ్ల పైమాట.

విశాఖపట్టణములో వారికి తోడుపడిన ఆనందరాయరు అను బ్రాహ్మణుని మనము మరువరాదు. ఆయన కథ క్లాడియస్ బుకానన్ దొర 1811లో ప్రకటించిన గ్రంథములో ఉన్నది. రక్షణమార్గము వెదకుచు ఆయన ఒక పెద్దను అడుగగా, ఒక మంత్రమును నాలుగు లక్షల పర్యాయములు జపింపుమని చెప్పిరట. ఆయన గుడిలో ఉండి ఆ నియమమును నెరవేర్చెను. మనస్సుకు శాంతి దొరకలేదు. ఇంటికి తిరిగి పోవుచుండగా ఒక కతోలిక క్రైస్తవుడు ఎదురై తెలుగులోనున్న రెండు పుస్తకములిచ్చెను. అక్కడనుండి ఆయన అన్వేషణ సాగి, తుదకు సువార్తలను తెలుగు చేయువారి ప్రక్కన కూర్చుండుటలో స్థిరపడెను.

ఈ వృత్తాంతమును ఇతరులను తక్కువ చేయుటకు ఎత్తుట లేదు. లెక్క మనలోను ఉన్నది. సంవత్సరములో వేదమంతయు ఎన్నిసార్లు ముగించితిమో చెప్పుకొనువారిని మేమెరుగుదుము. దినమునకు మూడు అధ్యాయములు పూర్తయినవా అని గడియారము చూచుకొనుచు చదివిన మూడు అధ్యాయములు, ఆనందరాయరు విడిచి వచ్చిన లెక్క కంటె ఏమంత మేలు?

1812 మార్చి 11వ తేదీ రాత్రి సేరంపూరు అచ్చుశాల అగ్నికి ఆహుతియయ్యెను. కాగితములు, అచ్చక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయినవి. వాటిలో విలియం కేరీ గారు సిద్ధపరచిన తెలుగు వ్యాకరణము కూడా ఉన్నది. ఏండ్ల కష్టము ఒక్క రాత్రిలో బూడిదయైన తరువాత ఆయన ప్రసంగమునకు తీసికొనిన మూలవాక్యము 46వ కీర్తన 10వ వచనము. ఊరకుండుమని, దేవుడే దేవుడని తెలిసికొనుమని చెప్పు మాట అది. ఊరకుండుమన్న వాక్యము చదివి ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆ వ్యాకరణము మరల వ్రాయబడి 1814లో అచ్చయ్యెను. నమ్మిక అనగా ఏమో చెప్పుటకు మాకు ఇంతకంటె పెద్ద ప్రసంగము చేతకాదు.

ఇక పుస్తకమే లేనివారి సంగతి. అప్పటి కృష్ణాజిల్లాలోని రాఘవాపురము వాస్తవ్యుడు పగోలు వెంకయ్య గారిని గూర్చి మన పెద్దలు చెప్పగా వింటిమి, మిషను చరిత్రలలో చదివితిమి. విగ్రహములలో దేవుడు లేడను మాట 1849 ప్రాంతమున ఒక స్నేహితుని ద్వారా ఆయన చెవిని పడెను. ఆ ఒక్క మాటతో ఆయన పూజలు మానివేసెను. దేవుని పేరైనను తెలియక, నీవెవరవో, ఎక్కడనున్నావో నాకు కనుపరచుమని అడుగుచు సుమారు పది సంవత్సరములు గడపెను. 1859లో బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీ బోధకుడు డార్లింగ్ దొరను కలిసికొని, తాను అడుగుచున్నది ఎవరినో అప్పుడు వినెను. ఆ సంవత్సరమే ఆయన బాప్తిస్మము పొందెను. ఆయన వెనుక ఎన్ని పల్లెలు కదలినవో కృష్ణా ప్రాంతపు సంఘములకు తెలియును. పది ఏండ్లు ఆయన చేతిలో ఒక్క పుటయు లేదు. చెవిని పడిన మాటను మాత్రము జారవిడువలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన తమిళుడు, తెలుగు నేర్చుకొని మనవాడైనవాడు. ఆయన యెదుట ఉన్న సంఘము ఎట్టిది? మాల మాదిగ పల్లెలలో పగలంతయు పొలములో ఉండు జనము. చదువగలవారు అతి కొద్దిమంది. జాతరలో డప్పు కొట్టమన్నందుకు పని పోగొట్టుకొనినవారు, బలిలో పాలు పొందమన్నందుకు ఊరివారి కోపమునకు గురియైనవారు అందులో ఉండిరి. అట్టివారికి ఆదివారమున ఒక్క ప్రసంగము చాలదు. సోమవారము సాయంకాలము ఆసామి కసరిన తరువాత వినుటకు ఏదైనను కావలెను గదా.

కనుక అజరయ్య గారు పల్లె ఉపదేశకుని మీద ఎక్కువ శ్రద్ధ ఉంచిరి. పగలు పిల్లలకు అక్షరములు దిద్దించినవాడే ప్రొద్దుగుంకిన తరువాత ఆరాధన నడిపించెడివాడు. బడియే గుడి. గంట కొట్టగానే కూలినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొని వచ్చి చాపమీద కూర్చుండెడివారు. ఒక లాంతరు, ఒక పుస్తకము, చదువువాడొకడు. విన్న కథను భజనలో పాడుకొనెడివారు. బాప్తిస్మము పొందగోరువారు ప్రభువు ప్రార్థనను, విశ్వాసప్రమాణమును, పది ఆజ్ఞలను కంఠస్థము చేయవలెను. బాప్తిస్మము పొందినవారిచేత బిషప్పుగారు తలమీద చెయ్యి వేయించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పనియెడల తమకు శ్రమయనియు పలికించెడివారు. చదువు లేదను సాకు అక్కడ చెల్లలేదు. వినినవాడు చెప్పగలడు.

ఇంటిలోని స్త్రీల యొద్దకు బైబిలు స్త్రీలు పోయిరి. వారు నడచిన దారులు, విన్న ఏడ్పులు ఏ రికార్డులోను సరిగా ఎక్కలేదు. మన మండల చరిత్ర ఎవరైనను మరల వ్రాసినయెడల అక్కడ మొదలుపెట్టవలెనని మా కోరిక.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. ఇంగ్లాండు సంఘమునుండి మనకు సంక్రమించిన ప్రార్థన పుస్తకములో 150 కీర్తనలు 30 దినములకు పంచబడినవి. ఉదయమునకు ఒక భాగము, సాయంకాలమునకు ఒక భాగము, మొత్తము 60. మిషను కేంద్రములలో, ఉదయ సాయంకాల ఆరాధన క్రమముగా జరిగిన చోట్ల, ఈ వరుస మన పెద్దలకు పరిచితము. 119వ కీర్తన ఒక్కటే 24వ తేదీ సాయంకాలము మొదలై 26వ తేదీ సాయంకాలము వరకు ఐదు ఆరాధనలు పట్టును. అది చదువువానికిని వినువారికిని ఓపిక పరీక్షయే.

ఈ వరుసలో 4వ తేదీ సాయంకాలము ఏమి వచ్చునో చూడుడి. 22వ కీర్తన, 23వ కీర్తన. దేవుడు తన్ను విడనాడెనని కేకవేయువాని కీర్తనయు, కాపరి యొద్ద కొరత లేనివాని కీర్తనయు ఒకే ఆరాధనలో, ఒకదాని వెంట ఒకటి. మొదటిది విడిచి రెండవది చదువుదమనుటకు వీలు లేదు. ఇంటిలో శవము లేచిన దినమునను అదే, పెండ్లి జరిగిన దినమునను అదే. 9వ తేదీ ఉదయము 44వ కీర్తనలో, ఏల నిద్రించుచున్నావని దేవునినే అడిగినవారు, లేచిపోకుండ కూర్చుండినయెడల ఆ ఉదయమే 46వ కీర్తన వరకు వచ్చెదరు.

నేడు మన ఇండ్లలో నూతన సంవత్సరపు వాగ్దాన కార్డులు గోడకు వ్రేలాడుచున్నవి. డబ్బాలోనుండి ఒక చీటి తీసి ఆ దినమునకు దానిని పట్టుకొనువారున్నారు. చేతిఫోనుకు తెల్లవారుసరికి పూలబొమ్మతో ఒక వచనము వచ్చుచున్నది. వాటివలన ఆదరణ పొందినవారిని మేము నొప్పింపము. ఆస్పత్రి మంచము మీద ఒక్క వచనముతో రాత్రి గడిపిన సంఘస్థులు మాకు తెలియును. అయినను ఆ చీటీలలో 22వ కీర్తన కేక కనబడదు, 88వ కీర్తన చీకటి కనబడదు, విలాపవాక్యముల మూడవ అధ్యాయములో నడిమి వచనములే గాని మొదటి ఇరువది వచనములు కనబడవు. పంట పోయిన రైతునకు, కుమారుని పాతిపెట్టిన తల్లికి, తమ నోటికి రాని ఏడ్పును వేదమే ముందుగా ఏడ్చియున్నదని తెలియుటలో ఒక బలమున్నది. ఏరుకొనినవాడు ఆ బలమును పోగొట్టుకొనును. మన పితరులు తమకు నచ్చినది ఏరుకొనలేదు. ఏరుకొనుటకు వారికి చదువే రాదు. ఆ దినమునకు నియమింపబడినది ఉపదేశకుడు చదివెను, వారు వినిరి. దేవుడు తమతో ఏమి చెప్పవలెనో తాము నిర్ణయింపలేదు. నమ్మిక అక్కడ పెరిగినదని మా అభిప్రాయము.

1945 జనవరి 1న అజరయ్య గారు ప్రభువునందు నిద్రించిరి. రెండేండ్ల తరువాత, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆరాధన క్రమములు మారినవి, అది మంచిదే. బడులు వేరైనవి. విద్యుద్దీపము వచ్చి లాంతరు పోయినది. పెక్కుమందికి చదువు వచ్చినది. పెక్కుమంది ఎవరికి వారు చదువుకొనగలరు గనుక, కూడి వినుట తగ్గిపోయినది. టెలివిజన్ సాయంకాలమును తీసికొనెను, మిగిలినది ఫోను తీసికొనెను. ఇప్పుడు అదే ఫోనులో వేదమును చదివి వినిపించు ఏర్పాటు వచ్చినది. కన్నులు కనబడని వృద్ధులకు, దూరదేశములలో కూలి చేసికొను మన పిల్లలకు అది మేలు. అయితే ప్రక్కన కూర్చుండి ఆమేన్ అనువాడు అందులో లేడు.

మా పాస్టరేటులో కొన్ని కుటుంబములు ఆ 30 దినముల వరుసను మరల పట్టుకొనినవి. రాత్రి భోజనమునకు ముందు, ఒక ఇంట పది పండ్రెండుమంది, పావుగంట. ప్రసంగము లేదు. 4వ తేదీ వచ్చినప్పుడు 22వ కీర్తన చదువుట యౌవనుల వంతు, 23 పెద్దల వంతు. పెద్దలలో కొందరికి నేటికిని అక్షరములు రావు. వారి వంతు వచ్చినప్పుడు పుస్తకము వారి చేతికి అందింప నక్కరలేదు.