ఇసుక పద్దు

మద్రాసు మెరీనాలో రోడ్డు దిగి అలల దాకా నడవాలంటే నా వయసు వాళ్ళకు ఆయాసం వస్తుంది. అంత ఇసుక. అది అనాదిగా అక్కడే ఉందని మనలో చాలామంది అనుకుంటాం. 1870ల నాటికి అక్కడ ఉన్నది సన్నని తీరం మాత్రమే. అలలు ఇప్పటి రోడ్డుకు దగ్గర్లోనే విరిగేవి. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో అక్కడ విహారమార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టేనాటికి ఇసుక పేరుకోవడం మొదలైంది. ఆ ఇసుక ఎక్కడిది? ఎవరి వాటాలోంచి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే మన తూర్పు తీరంలో సముద్రపు కోత నుంచి ఊళ్ళను కాపాడడానికి చేసిన పనుల చరిత్ర చాలామటుకు బయటపడుతుంది.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మా పెద్దలు మద్రాసులో తండయార్‌పేటకు ఎప్పుడు వచ్చారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. నా ఉద్యోగం మాత్రం బదిలీల మీద బదిలీలతో నన్ను పాండిచ్చేరికి, విశాఖపట్నానికి, బరంపురానికి తిప్పింది. అన్నీ ఒకే సముద్రం ఒడ్డు. ఒకే తగాదాను నాలుగు చోట్ల చూశాను కనుక, దాన్ని లెక్కల మనిషిగా నాకు తోచినట్టు రాస్తున్నాను.

ముందు సంగతి అర్థం కావాలి. మన ఒడ్డున ఇసుక నిలిచి ఉండదు, నడుస్తుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు దక్షిణం దిక్కునుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుకు తగులుతాయి, ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య ఋతుపవనాల నెలల్లో కొంత తిరిగి దక్షిణానికి వస్తుంది. వచ్చినదీ పోయినదీ తీసివేస్తే, ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక నికరంగా ఉత్తరానికి పోతుంది. ప్రతి ఊరి ముందూ దక్షిణపు ఊరినుంచి జమ, ఉత్తరపు ఊరికి ఖర్చు. రెండూ సరిపోయినంతకాలం ఒడ్డు కదలదు. మధ్యలో ఎవరైనా సముద్రంలోకి అడ్డంగా రాయి వేశారా, దక్షిణాన జమ పేరుకుంటుంది. ఉత్తరాన జమ ఆగిపోయి ఖర్చు మాత్రం సాగుతుంది. ఇంతకంటే పెద్ద సూత్రం ఇందులో లేదు.

మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే మనుషులనూ సరుకునూ మసూలా పడవల మీద అలలు దాటించేవాళ్ళు. ఆ కష్టం తప్పించడానికి సముద్రంలోకి రెండు చేతుల్లాగా రాతికట్టలు వేయాలని తలపెట్టారు. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు చేత శంకుస్థాపన చేయించారు. కట్టలు దాదాపు పూర్తయ్యాయనుకుంటుండగా 1881 నవంబరు తుపాను వాటిని విరగ్గొట్టింది. మళ్ళీ కట్టారు. కట్టిన దగ్గర్నుంచీ దక్షిణపు కట్టకు ఇసుక చేరుతూనే ఉంది, చుట్టు తిరిగి రేవు వాకిట్లోకి కూడా రావడం మొదలుపెట్టింది. 1904లో పోర్ట్ ట్రస్టు అధిపతిగా వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తూర్పు వాకిలి మూయించి ఈశాన్యపు మూలన కొత్త వాకిలి తెరిపించాడు. మద్రాసు రేవు పక్కన ఇసుక నడక గురించి లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థకు ఆయన ఒక పెద్ద వ్యాసమే సమర్పించాడు. గణితమేధావి శ్రీనివాస రామానుజన్ 1912 మార్చిలో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరింది ఈ స్ప్రింగ్ ఆఫీసులోని లెక్కల విభాగంలోనే. అక్కడ ఆయన ఇసుక పద్దు ఏమైనా రాశాడో లేదో గాని, ఆ రేవు లెక్కల్లో ఇసుక పద్దు ఒకవైపే ఉండేదని నా అనుమానం. వాకిట్లో పేరుకున్నది తవ్వడానికి ఎంత అయిందో రాసుకున్నారు. ఉత్తరానికి అందవలసింది అందక అక్కడివాళ్ళకు ఎంత నష్టమైందో రాసుకున్నవాళ్ళు లేరు.

ఆ నష్టం రాయపురం నుంచి ఎన్నూరు దాకా పడింది. మా చిన్నతనంలోనే అక్కడ ఒడ్డు అంటే నల్లరాళ్ళ గుట్ట. ఇసుక మీద వలలు ఆరేసుకునే చోటు పోయి, రాళ్ళ మీద ఆరేసుకునేవాళ్ళు. రోడ్డు కోతకు గురైనప్పుడల్లా లారీలతో రాయి తెచ్చి పోశారు. 2004లో సముద్రంలోకి పొట్టి రాతికట్టలు వరుసగా వేశారు, గ్రోయిన్లు అంటారు వాటిని. ఆ కట్టల మధ్య కొంత ఇసుక నిలిచిన మాట నిజం. కోత మరి కాస్త ఉత్తరానికి జరిగిన మాట కూడా నిజం.

దక్షిణపు లాభం కూడా చిక్కులేనిది కాదు. మెరీనాను పెంచిన ఇసుకే కూవం నది మొగను పూడ్చేస్తుంది. మొగ మూసుకుంటే వాననీరు సముద్రంలోకి పోదు, వెనక్కు ఊళ్ళోకి తన్నుతుంది. మద్రాసు కార్పొరేషన్ వరదనీటి బాధకు కారణాలు చాలా ఉన్నాయి. ఆ వరుసలో ఈ ఇసుక మేట ఒకటి.

ఉత్తర మద్రాసులో బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక దస్తావేజు నా బల్ల మీదికి వచ్చింది. ఇల్లు తనఖా పెట్టి అప్పు కావాలని ఒక పడవ యజమాని తెచ్చాడు. హద్దుల పట్టికలో పడమర వీధి, ఉత్తరాన దక్షిణాన ఫలానావారి ఇళ్ళు, తూర్పున ఫలానావారి ఖాళీ స్థలం అని ఉంది. చూడడానికి వెళ్ళాను. తూర్పున ఖాళీ స్థలమూ లేదు, దాని అవతల ఉండవలసిన వీధీ లేదు. రాళ్ళు, వాటి మీద నురుగు. సర్వే నంబరు రికార్డులో భద్రంగా ఉంది, పన్ను రసీదు కూడా ఉంది. ఆ పెద్దాయన, "అయ్యా, ఆ స్థలం వాళ్ళు ఊరు విడిచిపోయారు, నేనే ఇప్పుడు సముద్రానికి పక్కింటివాణ్ణి" అన్నాడు. మా న్యాయ సలహాదారు హామీ చాలదన్నాడు. అప్పు మంజూరు కాలేదు.

ఇంత అనుభవం తరువాత విశాఖపట్నం రేవు కట్టేటప్పుడు ఇంజనీర్లు ఇసుకను మొదటే లెక్కలోకి తీసుకున్నారు. 1933లో రేవు తెరిచే ముందు జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను వాకిలి దగ్గర ముంచి అలలకు అడ్డు పెట్టారు. ఆ చాటున ఇసుక పడేలా గుంట ఏర్పాటు చేసి, పడిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఉత్తరపు ఒడ్డుకు అందించే పద్ధతి పెట్టారు. 1970లలో బయటి రేవు కట్టాక ఆ పని మరీ అవసరమైంది. రామకృష్ణా బీచి ఏడాది పొడుగునా నిలిచి ఉండాలంటే ఏటా డ్రెడ్జర్ ఇసుక పోయాలి. ఏ సంవత్సరం ఆలస్యమైందో, ఏ సంవత్సరం తక్కువ పోశారో బీచి రోడ్డు గోడను చూస్తే తెలిసిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాడు ఊరంతా చూసింది. విశాఖ పద్ధతిలో లోపాలు లేవని కాదు. కాని ఇసుకకు ప్రతి ఏడూ ఖర్చు ఉంటుందని అక్కడ ఒప్పుకున్నారు. మా కామర్సు భాషలో చెప్పాలంటే అది మూలధన వ్యయం కాదు, రెవెన్యూ వ్యయం. ప్రారంభోత్సవం చేయడానికి వీలులేని ఖర్చు కనుక మన దేశంలో దానికి బడ్జెట్ దొరకడం కష్టం.

పాండిచ్చేరి కథ ఇందుకు రుజువు. యానాం పాఠకులకు ఇది సొంత ప్రభుత్వపు సంగతే. 1980ల చివర అరియాంకుప్పం నది మొగ దగ్గర రేవు కోసం రెండు రాతికట్టలు కట్టారు. దక్షిణాన చేరే ఇసుకను పంపులతో ఉత్తరానికి దాటించాలని ప్రణాళికలో ఉంది. కట్టలు కట్టారు. ఇసుక దాటించే పని నామమాత్రంగా సాగింది. పదేళ్ళు తిరిగేసరికి ఊరి ముందున్న బీచి మాయమైంది. దాని చోట రాళ్ళు పోశారు. నేను అక్కడ పనిచేసేటప్పుడు సాయంత్రం పూట జనం ఆ రాళ్ళకు ఎదురుగా గట్టు మీద కూర్చుని సముద్రం చూసేవాళ్ళు. పిల్లలు ఇసుక కావాలని అడిగితే చూపించడానికి లేదు. 2004 డిసెంబరు సునామీ నాడు ఆ రాళ్ళే ఊరి నడిబొడ్డును కాపాడాయి. ఆ మేలు ఒప్పుకోవాలి. కాని రాళ్ళు ఆగినచోట కోత ఆగలేదు. ఒక్కొక్క కుప్పమే దాటుకుంటూ రాష్ట్రం సరిహద్దు దాటి తమిళనాడులోని తంత్రాయన్‌కుప్పానికి, బొమ్మయార్‌పాళేనికి వెళ్ళింది. ఒక ప్రభుత్వం కట్టిన కట్టకు ఇంకో ప్రభుత్వపు ప్రజలు ఇళ్ళు పోగొట్టుకుంటే పరిహారం ఎవరి పద్దులో రాయాలి? ఆ ప్రశ్న హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు ఊరి ముందు నీటి అడుగున ఒక గట్టు వేశారు. రేవు వాకిట్లో తవ్విన ఇసుకనూ ఒడ్డున పోశారు. ముప్ఫై ఏళ్ళ తరువాత పాండిచ్చేరి పిల్లలు ఇసుకలో ఆడుకున్నారు. ఉత్తరాన పిళ్ళైచావడి వైపు మాత్రం ఇళ్ళు పడుతూనే వచ్చాయి.

పాండిచ్చేరిలోనే గోడలు కట్టే కాంట్రాక్టర్లకు బ్యాంకు గ్యారంటీలు రాసిచ్చే పని కొంతకాలం నా చేతిలో ఉండేది. ఏ పని అన్నది ఇక్కడ అనవసరం. గ్యారంటీలో గడువు ఉంటుంది, పని పూర్తయ్యాక లోపాలు బయటపడితే సరిచేయవలసిన కాలానికి సరిపడా. ఆ గడువు దాటగానే కాంట్రాక్టరు వచ్చి అసలు పత్రం వాపసు తీసుకుని, మార్జిను సొమ్ము విడిపించుకుని పోతాడు. అందులో అతని తప్పు ఏమీ లేదు. టెండరులో అడిగింది రాయి, టన్నుల లెక్కన. ఇచ్చాడు. అడుగున ఇసుక జారి రాయి కుంగడానికి రెండు మూడు వర్షాకాలాలు పడుతుంది. అప్పటికి దస్త్రం మూసి ఉంటుంది. మళ్ళీ కొత్త టెండరు, కొత్త గ్యారంటీ.

ఇసుక రాకను ఆపేది రేవులొక్కటే కాదు. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990లలో డెల్టాకు చేరిన మట్టి సుమారు మూడోవంతుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2004లో లెక్క తేల్చారు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ సంగతి తెలియని తెలుగువాడు ఉండడు. చీరలకు పేరుపడ్డ ఆ ఊళ్ళో వీధులు ఒక్కొక్కటే సముద్రంలో కలిశాయి. రాళ్ళు వేశారు, ఆ తరువాత ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు వేశారు. తుపానులకు అవీ చినిగాయి. కాకినాడ–ఉప్పాడ రోడ్డు బాగుచేయడం ఏటేటా జరిగే తద్దినంలాగా అయింది.

ఇక ఒడిశా. పూరీలో పెంటకోట అనే తెలుగు జాలరిపేట ఉంది. గంజాం జిల్లా ఒడ్డు పొడుగునా మనవాళ్ళ పల్లెలున్నాయి. అక్కడ వాళ్ళను నోలియాలంటారు. ఋషికుల్య మొగకు దగ్గరలోని పోడంపేట అందులో ఒకటి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అని పత్రికల్లో ఆ చోటుకు పేరు. మొగ కదిలే చోట ఊరు నిలవడం ఎప్పుడూ కష్టమే. ఈ శతాబ్దంలో కొన్నేళ్ళలోనే ఇళ్ళ వరుసలు వరుసలుగా పోయాయి, ఊరివాళ్ళను లోపలికి తరలించారు. కేంద్రపడా జిల్లాలో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. పెంఠా దగ్గర ప్రపంచ బ్యాంకు అప్పుతో 505 మీటర్ల గొట్టపు సంచుల గట్టు వేసి ఊళ్ళను కాచారు. దానికి పైన ఉన్న సాతభాయా ఊళ్ళను కాయడం సాధ్యం కాదని తేల్చి 571 కుటుంబాలను బాగపాటియాకు తరలించారు.

2010లో మొదలైన ఆ తీరప్రాంత పథకంలో నాకు నచ్చిన పని గట్టు కాదు. దేశపు తీరాన్నంతా జిల్లాలుగా కాక ఇసుక ఎక్కడినుంచి ఎక్కడిదాకా నడుస్తుందో ఆ ప్రకారం ముక్కలుగా విభజించి పటాలు గీయించారు. శంకుస్థాపన జరిగి 135 ఏళ్ళు గడిచాక ఇసుకకు ఆవర్జా తెరిచారన్నమాట. 1990 నుంచి 2018 వరకు చూస్తే దేశపు తీరంలో సుమారు మూడోవంతు కోతకు గురైందని, నాలుగోవంతుకు పైగా మేట వేసిందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క చెప్పింది. ఒడిశాకు మొత్తం మీద మేటే ఎక్కువ. ఆ సగటు పోడంపేటకు ఏం పనికొస్తుంది?

నేను బరంపురంలో ఉన్నది 2013 అక్టోబరు ఫైలిన్ తుపాను రోజుల్లో. తుపాను గోపాల్పూర్ దగ్గర తీరం దాటింది. వెంటనే రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం దెబ్బతిన్న వాళ్ళ అప్పుల గడువు పొడిగించాం, కొత్త అప్పులిచ్చాం. వారం రోజులు రాత్రిళ్ళు కూడా బ్రాంచి తెరిచే ఉంది. ఆ నియమం ప్రభుత్వం గుర్తించిన విపత్తుల జాబితాను బట్టి నడుస్తుంది. తుపాను, వరద, భూకంపం, సునామీ, వడగళ్ళు, చీడపీడలు కూడా అందులో ఉన్నాయి. సముద్రపు కోత లేదు. ఒక్క రాత్రిలో కూలిన ఇంటికి సాయముంది. మూడేళ్ళలో గజం గజంగా కూలిన ఇంటికి దరఖాస్తు ఫారమే లేదు. కోతకు ఇల్లు పోగొట్టుకున్న ఒకామె కౌంటరు దగ్గర తెలుగులో, "బాబూ, మా ఇల్లు తుపానులో పోయిందని రాసుకోకూడదా?" అని అడిగింది. తుపానుకు ముందే ఆ ఇల్లు పోయిందని పంచాయతీ రికార్డులో ఉంది.

2021లో పదిహేనవ ఆర్థిక సంఘం మొదటిసారి ఈ పద్దు రాసింది. 2021–26 కాలానికి కోతను అరికట్టే పనులకు 1,500 కోట్లు, కోతవల్ల నిర్వాసితులైన వాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు కేటాయించాలని సిఫారసు చేసింది. దేశంలోని నదీతీరాలకూ సముద్రతీరాలకూ కలిపి ఆ సొమ్ము. తరలించిన కాలనీల్లో ఇంటి స్థలం ఇస్తే సరిపోదు. మనిషి లోపలికి వెళ్ళినా పడవ ఒడ్డునే ఉండాలి. తెల్లవారుజామున రెండు మూడు మైళ్ళు నడిచి వచ్చి దాన్ని నీళ్ళలోకి తోయాలి. వలలూ ఇంజనూ రాత్రిపూట కాపలాకు ఎవరో ఒకరు పడిపోయిన పాత ఊళ్ళోనే పడుకోవాలి.