సీతాకోకచిలుక అంటే చనిపోయిన సైనికుడు: మెక్సికో కథ



సీతాకోకచిలుక టాటూకి అర్థం ఏంటి అని ఫోన్‌లో వెతికితే ఒక లిస్ట్ వస్తుంది. స్వేచ్ఛ, మార్పు, కొత్త జీవితం, ఆత్మ... ఒక్కో దేశానికి ఒక్కో లైన్. తప్పని అనను. పాత గ్రీకు భాషలో 'సైకీ' అనే ఒకే మాటకి ఆత్మ అనీ, సీతాకోకచిలుక అనీ రెండర్థాలు ఉండేవి. మనం వాడే 'సైకాలజీ' కూడా ఆ మాట నుంచి వచ్చిందే. కానీ ఆ లిస్టులు ఒక్కటి మాత్రం చెప్పవు. ఆ అర్థం వల్ల ఎవరికి లాభం? అందుకే ఈరోజు ప్రపంచమంతా తిరగకుండా ఒక్క చోటికే వెళ్దాం. మెక్సికో.

500 ఏళ్ల కింద, ఇప్పటి మెక్సికో సిటీ ఉన్న చోట అజ్టెక్‌ల రాజధాని ఉండేది. పేరు టెనోచ్టిట్లాన్. వాళ్ల భాష నవాట్ల్. అందులో సీతాకోకచిలుకని 'పాపాలోట్ల్' అంటారు. (ఇప్పటికీ మెక్సికోలో గాలిపటాన్ని 'పాపలోతే' అంటారు, ఈ మాట నుంచే.) మనకి ఆ పేరు వినగానే పువ్వులు, చిన్నపిల్లలు గుర్తొస్తారు. వాళ్లకి యుద్ధం గుర్తొచ్చేది. అజ్టెక్‌ల కంటే ముందు కాలం నాటి తూలా నగరంలో నాలుగున్నర మీటర్ల ఎత్తు రాతి యోధులు ఇప్పటికీ నిలబడి ఉన్నారు. వాళ్ల ఛాతీ మీద ఉన్న కవచం సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. మనమైతే అక్కడ పులినో సింహాన్నో పెట్టేవాళ్లం! ఇట్స్‌పాపాలోట్ల్ అని ఒక దేవత కూడా ఉంది. రెక్కల అంచున కత్తుల్లాంటి నల్లటి గాజురాయి ముక్కలు ఉంటాయి.

ఇదంతా మనకి ఎలా తెలుసు? 1529లో సహగున్ అనే స్పానిష్ ఫాదర్ మెక్సికో వచ్చాడు. అక్కడి పెద్దవాళ్లని అడిగి, నవాట్ల్ మాట్లాడే స్టూడెంట్స్‌తో కలిసి దశాబ్దాల పాటు రాయించి, 12 పుస్తకాలు తయారు చేశాడు. వాటి ప్రకారం, యుద్ధంలో చనిపోయినవాడు సూర్యుడి దగ్గరికి వెళ్తాడు. నాలుగేళ్లు సూర్యుడికి తోడుగా నడుస్తాడు. ఆ తర్వాత పక్షిగానో సీతాకోకచిలుకగానో మారి భూమ్మీదికి వచ్చి పువ్వుల్లో తేనె తాగుతాడు. ప్రసవంలో చనిపోయిన ఆడవాళ్లకీ యోధుల గౌరవమే. మధ్యాహ్నం నుంచి అస్తమించేదాకా సూర్యుణ్ని తీసుకెళ్లేది వాళ్లే.

మరి జబ్బుతోనో ముసలితనంతోనో పోతే? మిక్ట్లాన్ అనే చీకటి లోకం. అక్కడికి చేరడానికే నాలుగేళ్ల కష్టమైన ప్రయాణం.

ఇప్పుడు మీరు ఆ ఊళ్లో పదిహేనేళ్ల కుర్రాడు అనుకోండి. ఇంట్లో మంచాన పడి పోతే చీకటి, యుద్ధంలో పోతే సూర్యుడు, పువ్వులు, తేనె. మీరు ఏది ఎంచుకుంటారు? నాకైతే ఇది అందమైన నమ్మకం ఒక్కటే కాదు, సైన్యంలో చేరమనే పిలుపు కూడా అనిపిస్తుంది. ఎప్పుడూ యుద్ధాలు చేసే రాజ్యానికి ఇంతకంటే మంచి ప్రచారం దొరకదు.

సరే, ఇప్పటి మెక్సికోకి వద్దాం. ప్రతి ఏడాది నవంబర్ మొదట్లో మిచోఆకాన్ కొండలకి మోనార్క్ సీతాకోకచిలుకలు కోట్లలో వస్తాయి. కెనడా, అమెరికా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి! ఆ వచ్చేవి అంతకుముందు ఎప్పుడూ ఆ దారి చూడలేదు. పోయినేడు వచ్చి వెళ్లినవాటి మనవలో, మునిమనవలో అవి. జీపీఎస్ ఉండి కూడా నేను గచ్చిబౌలిలో దారి తప్పుతాను, అది వేరే విషయం.

అవి దిగే టైమూ, చనిపోయినవాళ్లని తలుచుకునే పండగ నవంబర్ 1, 2 తేదీలూ దాదాపు ఒకటే. అందుకే అక్కడి మసావా, పురేపెచా జనాలు 'మావాళ్లే తిరిగొచ్చారు' అనుకుంటారు. ఇదంతా అజ్టెక్‌ల కాలం నుంచి నేరుగా వచ్చిందే అని చాలా వీడియోలు చెప్పేస్తాయి. నాకు అంత సింపుల్‌గా కనిపించదు. ఆ నవంబర్ తేదీలు స్పెయిన్ నుంచి వచ్చిన క్యాథలిక్ పండగవి. పైగా సహగున్ పుస్తకంలో తిరిగొచ్చేది యోధుడు. ఇక్కడ తిరిగొచ్చేది ఎవరైనా సరే. మంచాన పడి పోయిన నానమ్మ కూడా వస్తుంది. చీకటి లోకానికి పోవాల్సిన మనిషికి కూడా రెక్కలు దొరికాయి. రాజ్యం పోయింది, గుర్తు మాత్రం మామూలు జనం చేతికి వచ్చింది.

ఆ గుర్తు నిలవాలంటే అడవి నిలవాలి. మోనార్క్‌లు చలికాలమంతా ఒయామెల్ అనే చెట్లకి గుత్తులు గుత్తులుగా వేలాడుతాయి. ఆ చెట్లని దొంగతనంగా నరుకుతారు. ఎల్ రొసారియో అభయారణ్యం చూసుకునే ఓమెరో గోమెస్ గొన్సాలెస్ కూడా ఒకప్పుడు చెట్లు కొట్టినవాడే. తర్వాత ఆ అడవికే కాపలా నిలబడ్డాడు. సీతాకోకచిలుకల మధ్య నిలబడి వీడియోలు తీసి పోస్ట్ చేసేవాడు. 2020 జనవరి 13న కనిపించకుండా పోయాడు. 29న నీటి గుంతలో శవం దొరికింది. కొన్ని రోజులకే ఆ ప్రాంతంలోనే ఇంకో గైడ్ శవం.

చెట్ల మీద అవి ఆక్రమించే స్థలాన్ని బట్టి మోనార్క్‌లని లెక్కేస్తారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లు. 2023-24లో 0.90. ఆ తర్వాతి ఏడాది కొంచెం పెరిగి 1.79. నరికివేత ఒక్కటే కారణం కాదు. అమెరికా పొలాల్లో కలుపు మందులు కొట్టడం వల్ల మోనార్క్ గొంగళి పురుగు తినే మొక్క తగ్గిపోయింది. ఆ మొక్క మన జిల్లేడుకి చుట్టమే, తుంచితే తెల్లటి పాలు కారతాయి.

మోనార్క్‌కి కూడా మన దగ్గర ఒక చుట్టం ఉంది. అదే నారింజ రంగు, అదే నల్ల అంచు, సైజు కొంచెం చిన్నది. మీ ఊళ్లో జిల్లేడు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు ఉంటే దాని పిల్లే. పాలు మాత్రం కళ్లలో పడనివ్వకండి. ఫోటో తీస్తే నాకు పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.